నాలుగో అంతస్తులో కొబ్బరి దింపు

భయపడడంలో పల్లాలమ్మకి ఇరవై ఎనిమిదేళ్ల అనుభవం ఉంది. ఆవిడ కొడుకు ఏడుకొండలు వయసూ అంతే. వాడు పుట్టినప్పుడు నర్సు బయటికొచ్చి "మగపిల్లాడమ్మా, బాగున్నాడు" అంటే, "ఎప్పటిదాకా?" అని అడిగిన మనిషి. ఏడో తరగతి దాకా చదువుకుంది కాబట్టి రోజూ పేపరు చూస్తుంది. అందులో ప్రమాదాల పేజీ ఒక్కటే అసలుదనీ, తక్కినవన్నీ ఆ పేజీ నలిగిపోకుండా చుట్టడానికి వేస్తారనీ ఆవిడ నమ్మకం.

అలాంటి తల్లికి భగవంతుడు కొబ్బరిచెట్లెక్కే కొడుకునిచ్చాడు. రెండు నెలలకోసారి చెట్టెక్కి, ముదిరిన గెలలు కోసి కిందికి దించే ఆ పనిని కోనసీమలో దింపు అంటారు. ఏడుకొండలు కాళ్లకి తాడు బంధం వేసుకుని, మొలలో కత్తి దోపుకుని, రోజుకి అరవై చెట్లెక్కి దిగుతాడు. పల్లాలమ్మ ఇంట్లోనే కూర్చుని ఆ అరవై చెట్ల మీంచీ అరవైసార్లు పడిపోతుంది.

ఆ ఏడాది సర్కారుకి ఒక కొత్త ఉత్సాహం పుట్టింది. ఎవరి దగ్గరా జీతానికి కాకుండా, సొంత చేతుల్తో, సొంత పనిముట్టుతో పనిచేసుకునే ప్రతి మనిషీ స్వయంవృత్తి పన్నుల శాఖలో నమోదు కావాలన్నారు. పన్ను కట్టాల్సినవాళ్లు కట్టడానికి నమోదు కావాలి. కట్టక్కర్లేనివాళ్లు, తాము కట్టక్కర్లేదని ఋజువు చేసుకోవడానికి నమోదు కావాలి. ఏ పనీ చెయ్యనివాళ్లకి ఇంకా ఏ ఏర్పాటూ చెయ్యలేదనీ, కమిటీ కూర్చుందనీ అన్నారు.

సరిగ్గా అప్పుడే కాలవ అవతల ఏడువందల చెట్ల తోట ఒకటి ఎవరో కంపెనీవాళ్లు కొన్నారు. వాళ్ల మేనేజరు ఏడుకొండల్ని పిలిచి చెప్పాడు.

"నమోదు నంబరు తెచ్చుకో. నెలాఖర్లోగా తెస్తే ఏడాది దింపంతా నీదే. తేకపోతే ఏమనుకోకు, మిషను తెప్పించేస్తాం."

ఏడుకొండలు ఇంటికి పరిగెత్తుకొచ్చి ఆ మాట చెబితే, పల్లాలమ్మ గిన్నె తోముతున్నది కాస్తా ఆపేసింది.

"నంబరంటే ఏవిట్రా? జైల్లో చొక్కా మీద వేస్తారే, అదా?"

"అది కాదే అమ్మా. కాయితం మీద వేస్తారు."

"ముందు కాయితం మీదే వేస్తార్రా," అంది పల్లాలమ్మ.

* * *

మర్నాడు పొద్దున్నే తల్లీ కొడుకులిద్దరూ సువర్చల ఇంటర్నెట్ సెంటర్‌కి వెళ్లారు. పల్లాలమ్మని రావద్దంటే వినలేదు. సువర్చల చురుకైన పిల్ల. ఊళ్లో మంగలి దగ్గర్నుంచి మైకు సెట్టు వాడిదాకా అందరి ఫారాలూ తనే నింపింది. టకటకా పేరూ, పుట్టిన తేదీ కొట్టేసి "వ్యాపార స్థలం?" అంది.

"ఇంటి అడ్రసు రాసెయ్," అన్నాడు ఏడుకొండలు. "అందరూ అదే రాయించారంట కదా."

"ఆగమ్మాయ్!" పల్లాలమ్మ ఆ పిల్ల చెయ్యి పట్టేసుకుంది. "ఇల్లు రాస్తే ఇల్లే కొట్టయిపోద్ది. రేపేదో తేడా వస్తే కొట్టుకి తాళవేసి సీలేస్తారు. లోపల పొయ్యి మీద అన్నం ఉంటాది. గేదె ఉంటాది."

"అలా ఎవరూ సీలెయ్యరు పిన్నీ."

"వెయ్యకపోతే పేపర్లో ఎందుకు పడతాది? అయినా ఇంట్లో వాడేం వ్యాపారం చేస్తున్నాడు, తినడం తప్ప? గవర్నమెంటుతో అబద్ధం చెబితే మూడేళ్లు. ఉన్నది ఉన్నట్టు రాయి."

"ఉన్నదంటే? మీవాడు వ్యాపారం ఎక్కడ చేస్తాడు?"

"చెట్టు మీద."

సువర్చల ఏడుకొండలు కేసి చూసింది. ఏడుకొండలు పైకప్పు కేసి చూశాడు. తల్లితో వాదించడం కన్నా వానలో చెట్టెక్కడం తేలికని వాడికి చిన్నప్పుడే తెలిసింది.

"ఏ చెట్టు? ప్రధాన స్థలం ఒకటే చెప్పాలంట," అంది సువర్చల.

శేషావతారం మాస్టారి దొడ్లో చెట్లకి తెల్లరంగుతో నంబర్లు వేసుంటాయి. వాటిలో పదిహేడో నంబరు ఇంటికి దగ్గర. అది చెప్పారు. కంప్యూటరు డోర్ నంబరు కింద పదిహేడుని మారుమాట లేకుండా పుచ్చుకుని, ఎన్నో అంతస్తు అని అడిగింది.

"చెట్టెంత ఎత్తు?"

"నలభై అడుగులుంటాది," అన్నాడు ఏడుకొండలు.

"అంతస్తుకి పదడుగులు లెక్కేసుకుంటే నాలుగో అంతస్తు. వైశాల్యం? అంటే, నువ్వు కూర్చునే చోటు ఎంతుంటుంది?"

"కూర్చోనివ్వదు. ఒక కాలు మట్ట మొదట్లో, రెండోది చెట్టుకి."

"చదరపు అడుగు వేస్తున్నా. ఇరుగుపొరుగు?"

"కాకి గూడుంది," అని పల్లాలమ్మ నిజం చెప్పింది.

దరఖాస్తు వెళ్లిపోయింది.

* * *

అయిదోరోజున తాఖీదు వచ్చింది. ఇంటిముందు సైకిలు దిగిన పోస్టుమాన్‌ని చూడగానే పల్లాలమ్మ అరుగు మీద చతికిలబడిపోయింది. సెంటర్‌కి పట్టుకెళ్తే సువర్చల చదివి వినిపించింది.

"ఇందుమూలముగా తెలియజేయడమేమనగా, తమరు తెలిపిన నాలుగవ అంతస్తునకు మెట్లు గానీ లిఫ్టు గానీ ఉన్నట్లు దరఖాస్తులో కానరానందున, వినియోగదారులు సదరు స్థలమునకు ఏ మార్గమున చేరుకొనుచున్నారో వివరించవలెను. స్థల యజమాని సమ్మతి పత్రమును, కింది మూడు అంతస్తులలో నివసించువారి నిరభ్యంతర పత్రములను జతపరచవలెను."

"చూశావా?" అంది పల్లాలమ్మ. "నేను ముందే చెప్పాను."

"ఏం చెప్పావే? చెట్టు రాయించింది నువ్వే కదా!"

"ఏదో జరుగుద్దని చెప్పాను కదరా. జరిగింది."

ముందు శేషావతారం మాస్టారి దగ్గరికి వెళ్లారు. రిటైరయ్యాక ఆయనకి తన స్థలం ఎవరైనా కాజేస్తారేమోనన్న బెంగ ఒక్కటే మిగిలింది. కళ్లజోడు సర్దుకుని తాఖీదు రెండుసార్లు చదివాడు.

"అంటే నా చెట్టు మీద నీ కొడుకు ఆఫీసు పెడతాడా? రేపు ఖాళీ చెయ్యమంటే చేస్తాడా?"

"ఉండేదే నాలుగు నిమిషాలు మాస్టారూ."

"రోజూనా?"

"రెండు నెలలకోసారండి."

"ఇలాగే అంటారు. మూడేళ్లు పోయాక కౌలుదారు హక్కంటారు." మాస్టారు లోపలికెళ్లి స్టాంపు కాగితం పట్టుకొచ్చాడు. "రాస్తున్నా. అద్దెకిచ్చేది పైభాగం మట్టుకే. మధ్యలో మాను నాదే. దాని మీద మీకు ఎక్కే దిగే దారిహక్కు మాత్రం ఉంటుంది. ఆగడానికి వీల్లేదు. మధ్యలో ఆగితే ఆక్రమణే."

"మధ్యలో చెమట తుడుచుకోవచ్చాండి?" అన్నాడు ఏడుకొండలు.

మాస్టారు కాసేపు ఆలోచించి, "ఒకసారి," అని రాసుకున్నాడు.

ఇక కింది మూడంతస్తుల వాళ్ల నిరభ్యంతరం. సెంటర్లో సువర్చల 'ఖాళీ' అని కొట్టబోతే పల్లాలమ్మ మళ్లీ చెయ్యి పట్టుకుంది.

"ఖాళీ అనకు. గండుచీమలున్నాయి. రేపు ఆఫీసరొచ్చి చూస్తే?"

అందుకని గండుచీమలు అని కొట్టారు. అభ్యంతరం తెలుపలేదు అని కూడా కొట్టారు. మెట్లు ఎలాంటివన్న చోట ఏడుకొండలు రెండు కాళ్లు అని చెబితే అదీ కొట్టారు. కంప్యూటరు అన్నీ పుచ్చుకుంది.

* * *

విచారణకి టౌన్లో ఆఫీసుకి రమ్మన్నారు. అప్పటికి నెలాఖరుకి ఇంకా వారం ఉంది. పల్లాలమ్మ ఒక సంచిలో దుప్పటి, పళ్లపొడి, రెండు రోజులకి సరిపడా చల్దన్నం సర్దుకుని బయల్దేరింది.

"ఎందుకే ఇవన్నీ?"

"ఉంచేస్తే?"

తనిఖీ అధికారి పరాంకుశం గారు సన్నగా, పొడుగ్గా, ఇస్త్రీ చేసిన కవరులా ఉన్నారు. ఆయన మాట్లాడుతుంటే పక్కన ఎవరో టైపు కొడుతున్నట్టుంటుంది.

"సదరు దరఖాస్తుదారుని మాతృమూర్తి తమరేనా?"

"కాదండి బాబూ, అమ్మనండి," అంది పల్లాలమ్మ కంగారుగా.

"సరి. ఫైలు క్షుణ్ణముగా పరిశీలించితిని. చీమల విషయమున శాఖకు సందేహము లేదు. ఇక మిగిలినది స్థల తనిఖీ. నిబంధన పధ్నాలుగు ప్రకారము అధికారియు దరఖాస్తుదారుడును వ్యాపార స్థలమున, బోర్డు కింద, ఇరువురూ నిలబడి ఫొటో దిగవలెను. ఆ ఫొటోను ఈ ట్యాబు స్వీకరించవలెను. ఎక్కడ దిగితిమో, ఎంత ఎత్తున దిగితిమో దీనికి తెలియును."

చెప్పేశాక ఆ ఎత్తెంతో ఆయనకే గుర్తొచ్చింది. పరాంకుశం గారు గొంతు సవరించుకున్నారు.

"సదరు నాలుగవ అంతస్తును ఒక పూట కిందికి దింపి చూపుటకు వీలున్నదా?"

"దింపితే చెట్టు పోద్దండి," అన్నాడు ఏడుకొండలు. "ఎందుకొచ్చిన గొడవ సార్, ఇంటి అడ్రసు రాసేసుకోండి. మార్చేస్తాం."

"మార్పు కోరువాడు ముందుగా నమోదై ఉండవలెను. నమోదు కానివాడు దేనిని మార్చుకొనును?"

ఏడుకొండలు ఆ మాటని మనసులో తిరగేసి చూసుకుంటున్నాడు. పల్లాలమ్మ మాత్రం అప్పటికే ముందుకెళ్లిపోయింది. ఆవిడ కళ్లముందు పరాంకుశం గారు చెట్టు మీంచి పడిపోయారు, ఏడుకొండలు మీద హత్య కేసు పెట్టారు, పేపర్లో వేశారు, ఫొటో సరిగ్గా రాలేదు.

"మీరు రాకండి బాబూ," అంది బతిమాలుతూ. "ఎండగా ఉంది. వచ్చి చూశామని రాసేయండి. మేం ఎవరికీ చెప్పం."

పరాంకుశం గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. "అది అసత్యము!"

"మూడేళ్లా అండి?"

"ఏడు."

పల్లాలమ్మ చేతిలో సంచి కింద పెట్టేసింది. తను ఊహించినదానికన్నా ఘోరం చెప్పగలిగిన మనిషి జీవితంలో మొదటిసారి ఎదురుపడ్డాడు. ఆ క్షణం నుంచీ ఆయనంటే ఆవిడకి ఒక గౌరవం ఏర్పడిపోయింది.

* * *

తనిఖీ ఇరవై తొమ్మిదో తారీకున పడింది. అంటే ఇంకొక్క రోజే మిగిలింది. శేషావతారం మాస్టారి దొడ్డి తీర్థంలా జనంతో నిండిపోయింది. గోడలకి సున్నం వేసేవాళ్ల దగ్గర్నుంచి వెదురు నిచ్చెన తెచ్చారు. అది ఇరవై అడుగులే ఉంది. ఆ పైన అధికారిగారిని నడుముకి తాడు కట్టి లాగుదామని ఏడుకొండలు అంచనా. వాడు బోర్డు మెళ్లో వేసుకుని ముందే పైకెళ్లి మట్టకి కట్టాడు: 'ఏడుకొండలు, కొబ్బరి దింపు, నాలుగో అంతస్తు.' కింద నుంచి ఎవరికీ అక్షరాలు కనబడలేదు. కాకి మాత్రం చాలా అభ్యంతరం చెప్పింది.

పల్లాలమ్మ ఆ రోజు ఇంట్లో ఉండలేకపోయింది. వచ్చినా ఒక చోట నిలబడలేకపోయింది.

"చెట్టు కింద ఎవరూ ఉండకండి, కాయ పడితే బుర్ర పగుల్తాది! ఓయ్, ఆ పిల్లని ఎత్తుకో! నిచ్చెన నలుగురు పట్టుకోండి, ఇద్దరు సరిపోరు! మాస్టారూ, మీరు వెనక్కి జరగండి, మీకసలే బీపీ!"

"నా దొడ్లో నన్ను జరగమంటావా?"

"జరగండి ముందు!"

మాస్టారు జరిగాడు.

పరాంకుశం గారు బూట్లు విప్పి, వాటికి రసీదు రాయించుకుని, ట్యాబు మెళ్లో వేసుకుని నిచ్చెన ఎక్కడం మొదలెట్టారు. ఎక్కుతూ ఎక్కుతూ ప్రతి మెట్టూ పైకి లెక్కపెడుతున్నారు. ఆరు మెట్లెక్కి ఆగారు.

"ఇది ఎన్నవ అంతస్తు?"

"ఇంకా కిందే ఉన్నారు సార్," అన్నాడు పైనుంచి ఏడుకొండలు.

ఇంకో ఆరు మెట్లు ఎక్కారు. "ఇప్పుడు?"

"మొదటిది దాటారు."

ఒకటిన్నర అంతస్తు దగ్గర కాస్త గాలి వీచింది. చెట్టు ఊగింది. కొబ్బరిచెట్టన్నాక ఊగుతుంది. నాలుగంతస్తుల భవనాలు అలా ఊగవు గనక పరాంకుశం గారు దానికి సిద్ధపడి లేరు. రెండు చేతుల్తో చెట్టుని కావలించుకుని, దానికి బుగ్గ ఆనించి ఉండిపోయారు. పైకీ పోరు, కిందికీ రారు. జనం గోల మొదలెట్టారు.

"నోర్ముయ్యండి!" అని పల్లాలమ్మ ఒక్క కేక వేసింది. దొడ్డంతా గప్‌చుప్ అయిపోయింది. ఆవిడ నిచ్చెన దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి అడిగింది.

"బాబూ, భయమేస్తోందా?"

"భయము కాదు," అన్నారు పరాంకుశం గారు చెట్టుతోనే. "పునఃపరిశీలన."

"చేసుకోండి బాబూ, తొందరేం లేదు. కాళ్లు వణుకుతున్నాయా?"

"స్వల్పముగా."

"అరిచేతులు చెమటలు పోస్తున్నాయా? కడుపులో చల్లగా ఉందా? అందరికీ అలాగే ఉంటాది. నాకైతే నేల మీదే ఉంటాది. కళ్లు మూసుకోకండి, మూసుకుంటే అన్నీ కనబడతాయి. ఎదురుగా చెట్టు బెరడు చూడండి. గండుచీమ కనబడిందా?"

"ఒకటి కలదు."

"అది ఎటెళ్తోంది?"

"కిందికి."

"దాని వెనకాలే వచ్చేయండి. ఎడం కాలు తియ్యండి. ఎడం కాలు బాబూ, అది కుడి! కొండా, నువ్వు కదలకు! ఒక్క కాయ జారిందంటే నీ తోలు తీస్తాను! నిచ్చెన గట్టిగా పట్టండ్రా! హా, ఇంకో మెట్టు. మా నాయనే."

అలా మెట్టు మెట్టుకీ చెబుతూ, పావుగంటలో ఆయన్ని నేల మీద దించేసింది. పరాంకుశం గారు కాసేపు మట్టిని తడుముతూ కూర్చున్నారు. కొబ్బరిబోండాం కొట్టి ఇస్తే తాగారు. రంగు తిరిగొచ్చాక ట్యాబు తుడుచుకుని, చుట్టూ ఒకసారి చూశారు. నడుం మీద చెయ్యి పెట్టుకుని నిచ్చెన పట్టుకున్నవాళ్లని తిడుతున్న పల్లాలమ్మని చూశారు. ఆమెకి ఎదురు చెప్పకుండా నిలబడ్డ ఊరిని చూశారు. ఏదో అర్థమైనట్టు తలూపారు.

"తమరు ఇటు రండి. ఇక్కడే నిలబడండి," అని, ఆవిడ పక్కన, పైనున్న బోర్డుకి సరిగ్గా కింద నిలబడి, సువర్చల చేత ఫొటో తీయించారు. ట్యాబు టింగుమంది.

"పల్లాలమ్మ తమరేనా? పూర్తి పేరు?"

పేరు చెప్పకపోతే ఎన్నేళ్లో తెలీక ఆవిడ చెప్పేసింది.

* * *

మర్నాడు ముప్ఫై. పదకొండు గంటలకి ధ్రువపత్రం సువర్చల సెంటర్లో అచ్చయి బయటికొచ్చింది. ఆ పిల్ల చదువుతూ చదువుతూ ఒకచోట ఆగి, మొదట్నుంచీ చదివింది.

"తనిఖీలో తేలినదేమనగా, సరుకు నిల్వ ఉండునది పైన, చేతికి వచ్చునది కింద. కావున నాలుగవ అంతస్తును గోదాముగాను, నేలను వ్యాపార స్థలముగాను పరిగణించడమైనది. సదరు స్థలమున జనమును, పనివారిని, స్థల యజమానిని, తనిఖీ అధికారిని సైతము సంపూర్ణముగా అదుపు చేయుచున్న వ్యక్తి శ్రీమతి పల్లాలమ్మ అని స్వయముగా గమనించితిని. నిబంధన తొమ్మిది ప్రకారము అదుపు ఎవరిదో నమోదు వారిదే. కావున కొబ్బరి దింపు స్వయంవృత్తి నిర్వాహకురాలిగా ఆమెను నమోదు చేయడమైనది. ఏడుకొండలు అను వ్యక్తి గోదాము నుండి సరుకు దించు సహాయకుడు."

"నేనా!" అంది పల్లాలమ్మ.

"నేను సహాయకుణ్ణా?" అన్నాడు ఏడుకొండలు. పదేళ్లుగా వాడు ఎక్కని చెట్టు ఆ చుట్టుపక్కల లేదు. "ఇదేం న్యాయం? మార్పుకి రాయి సువర్చలా. ఇప్పుడే రాయి. నమోదయ్యాక మార్చుకోవచ్చని ఆ ఆఫీసరే అన్నాడు కదా."

"రాస్తాను. కానీ తేలేసరికి మూడు నెలలు. ముందు కంపెనీకి నంబరు చెప్పు. ఇవాళే ఆఖరు."

ఫోన్లో మేనేజరు నంబరు రాసుకున్నాడు, పేరు రాసుకున్నాడు, ఆ పేరు ఇంకోసారి చదువుకున్నాడు.

"ఈ పల్లాలమ్మ గారు చెట్లెక్కుతారా?"

"ఎక్కరండి," అన్నాడు ఏడుకొండలు నీరసంగా. "ఎక్కిస్తారు."

"నంబరు కరెక్టే చూపిస్తోంది. సరే, ఏడువందల చెట్లూ ఆవిడవే. సోమవారం మొదలెట్టమని చెప్పు."

ఏడుకొండలు ఫోను పెట్టేసి సువర్చల వైపు తిరిగాడు. "ఇంక మార్పుకి కొట్టు."

"ఉండమ్మాయ్." పల్లాలమ్మ కాగితం తీసుకుని, అర్థమైనంత మేరకి రెండు వైపులా చూసింది. "ఈ కాయితంలో ఏదైనా తప్పొచ్చిందనుకో. ఎవర్ని పిలుస్తారు?"

"పేరున్న మనిషినే పిన్నీ. మిమ్మల్నే."

"నోటీసులు?"

"మీకే."

"జరిమానా?"

"మీకే. ఊరికే భయపెట్టడానికి చెప్పట్లేదు గానీ, వెనకాల కేసుల సంగతి కూడా రాశారు. అవీ మీకే."

"వీడికేం సంబంధం లేదా? సరుకు దించే సహాయకుడు కదా. వీణ్ణి పట్టుకుంటారా?"

సువర్చల వెనక్కి తిప్పి చూసింది. "సహాయకుడి ఊసే లేదు."

"ఎక్కడా?"

"ఎక్కడా లేదు పిన్నీ."

పల్లాలమ్మ ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి కొడుకు చేతిలో పెట్టింది.

"మార్పు లేదు, ఏమీ లేదు. పద, అన్నం పెడతాను."

ఆ మధ్యాహ్నం ఆవిడ ఆవకాయ కలుపుకుని రెండుసార్లు వడ్డించుకు తింది. చెయ్యి కడుక్కుని, చాప పరుచుకుని, తలకింద చెయ్యి పెట్టుకుని పడుకుంది. పడుకోగానే గుర్రు పెట్టింది. పేపరు తెరవకుండా గూట్లోనే ఉండిపోయింది.

ఏడుకొండలు అరుగు మీద కూర్చుని కాగితం మడతలు విప్పాడు. వెనకవైపు సన్నటి అక్షరాల్లో ఉన్న నిబంధనలు కూడబలుక్కుంటూ చదివాడు. అయిపోయాక మళ్లీ మొదటికొచ్చాడు. నిర్వాహకురాలు అని ఉన్న చోటల్లా ఆగి, గుమ్మంలోంచి లోపలికి చూస్తున్నాడు. గుండె దడదడా కొట్టుకుంటోంది. నలభై అడుగుల చెట్టు మీద, ఈదురుగాలిలో కూడా, అదెప్పుడూ అలా కొట్టుకోలేదు.